నవ్వకండి బాబాయ్ కుర్చీ

వీధిలో అందరూ ఆయన్ని "నవ్వకండి బాబాయ్" అంటారు. పాస్‌పోర్టు ఫొటోలు తీసే మనిషి మరి. పొద్దస్తమానం "గడ్డం కాస్త కిందికి, నవ్వకండి" అనే మాటే ఆయన నోట్లో నానుతూ ఉంటుంది. ఈమధ్య ఆయన మొహంలోనే నవ్వు లేదు. స్టూడియో కంప్యూటర్‌లోకి వైరస్ దూరి, ఉన్న ఫొటోలన్నిటికీ తాళాలేసి కూర్చుంది. మనిషి మరీ అమాయకుడేం కాదు, రెండో కాపీ ఉండాలని ఫొటోలన్నీ హార్డ్ డిస్క్ అనే వేరే డబ్బాలో కూడా దాచాడు. కాకపోతే మాటిమాటికీ తీసి పెట్టడానికి బద్ధకమేసి, ఆ డబ్బాని కంప్యూటర్‌కే తగిలించి ఉంచాడు. అదీ పోయింది.

మిగతావాళ్ళ ఫొటోలంటే మళ్ళీ తీయొచ్చు. పక్కవీధి టైలరమ్మ వాళ్ళమ్మ ఫొటో ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. ఉన్న ఒక్క కాగితం ఫొటోకీ చెదపడితే, "నా కంప్యూటర్‌లో భద్రంగా ఉందమ్మా, నీకెందుకు బెంగ" అని ఛాతీ విరుచుకుని చెప్పినవాడు ఈ బాబాయే. ఇప్పుడు టైలరమ్మ దాన్ని పెద్దది చేసి ఇమ్మంటోంది. మిషన్ రిపేరు అని చెప్పి ఆయన తప్పించుకు తిరుగుతున్నాడు.

మెకానిక్ కంప్యూటర్‌ని తుడిచి ఖాళీ చేసిచ్చి, కొత్తది కొనుక్కోవడం మంచిదన్నాడు. ఈసారి వైరస్ దూరని కంప్యూటరే కొనాలని బాబాయ్ పంతం. ఇంకెవరికీ ఇలా జరగదు అని గట్టిగా చెప్పగలిగితే, ఆ మాట అడ్డం పెట్టుకుని టైలరమ్మకి నిజం చెప్పొచ్చని ఆయన ఆశ. అందుకే తెలిసినవాళ్ళు ముగ్గుర్ని స్టూడియోకి పిలిచి టీ ఇచ్చాడు.

"విండోసే తీసుకో బావా," అన్నాడు బావమరిది. "ఎక్కువమంది వాడేది అదే. దొంగల చూపు దానిమీదే కాబట్టి కాపలా కూడా గట్టిగా పెడతారు."

"దొంగలు తిరిగే వీధిలోనే ఇల్లు కొనుక్కోమంటావేంట్రా?"

అల్లుడు గ్లాసు కింద పెట్టాడు. "విండోస్ బదులు లినక్స్ పెట్టుకోండి మామయ్యా. పాస్‌వర్డ్ అడక్కుండా లోపల దేన్నీ మారనివ్వదు. పైగా దాన్ని ఎలా రాశారో మొత్తం బయటే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు."

"గుట్టంతా బయటపెడితే భద్రత ఎలా అవుతుంది బాబూ?"

"పదిమంది చూస్తే తప్పులు దొరుకుతాయి కదా."

"ఆ పదిమందిలో దొంగ కూడా ఉంటాడుగా?"

"అదీ నిజమేననుకోండి," అన్నాడు అల్లుడు. బాబాయ్‌కి ఒళ్ళు మండింది. ఒప్పుకోమని ఎవరడిగారు ఇతన్ని!

మూడో మనిషి కళ్ళజోళ్ళ షాపాయన. ఆయనది మాక్ కంప్యూటర్. "మిషన్ చేసేదీ ఆ కంపెనీవాళ్ళే, లోపల సరుకు పెట్టేదీ వాళ్ళే, గేటు దగ్గర నిలబడేదీ వాళ్ళే. హాయిగా ఉంటుంది."

"అయితే వైరస్ రాదన్నమాట."

"రాదని కాదు..." అని ఆయన తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తక్కువ."

బాబాయ్ పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. ముగ్గురూ ఏకమైన మాట ఒక్కటే. ఏది కొన్నా అప్‌డేట్లు మానకూడదట. అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కడమే ఇన్నాళ్ళూ బాబాయ్ పద్ధతి. ఆ సంగతి మాత్రం ఆయన బయటపెట్టలేదు.

"ఇదేంటి బావా, పాస్‌వర్డ్ రాసి స్క్రీన్‌కి అంటించావ్?" అన్నాడు బావమరిది.

"కస్టమర్లు కూర్చుంటారు కదరా. మధ్యలో అడిగితే వాళ్ళేం కొడతారు?"

అది ఆ స్టూడియో ఆచారం. కస్టమర్ని తన కుర్చీలోనే కూర్చోబెడతాడు. వాళ్ళ పెన్‌డ్రైవ్ వాళ్ళే పెట్టుకుంటారు, ఫొటో వాళ్ళే ఎంచుకుంటారు. ఎవరి మొహం వాళ్ళకి నచ్చాలి, మధ్యలో నేనెవర్ని అంటాడు. దారిలో ఇంకో స్టూడియో ఉన్నా జనం దాన్ని దాటుకుని ఇక్కడికొచ్చేది అందుకే. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. బావమరిది ఏదో అనబోయేంతలో టైలరమ్మ వచ్చింది, మెడలో కొలతల టేపుతోనే.

"బాగైందటగా మిషన్! అమ్మ ఫొటో తీయండి బాబాయ్. కస్టమర్లిచ్చిన జాకెట్ డిజైన్లు నాలుగు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఈలోపు అవి చూసుకుంటా." అలవాటుగా వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుని పెన్‌డ్రైవ్ బయటికి తీసింది. "పోయినసారి ఇది పెట్టి నొక్కితే ఎర్రగా ఏదో వచ్చి, ఒప్పుకుంటారా అని అడిగింది. మీరు లోపల ఫొటో తీస్తున్నారు, పిలవడమెందుకులే అని ఒప్పేసుకున్నా."

బాబాయ్ ఆ పెన్‌డ్రైవ్ వంకే చూశాడు. అల్లుడు నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దన్నాడు.

"అమ్మా," అన్నాడు. "మీ అమ్మ ఫొటో పోయిందమ్మా. వైరస్ వచ్చి అన్నీ పోయాయి. నేను మిషన్ సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాదే."

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండుననిపించింది బాబాయ్‌కి.

"ఏ కంప్యూటర్ అయితే పోయేది కాదు?" అని అడిగింది.

బాబాయ్ ముగ్గురి వైపూ చూశాడు. కళ్ళజోళ్ళాయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు.

"ఏమోనమ్మా. ఎంత విన్నా నాకు అర్థం కాలేదు."

టైలరమ్మ చేతిలోని పెన్‌డ్రైవ్ వంక చూసింది, ఖాళీ స్క్రీన్ వంక చూసింది. తర్వాత పెన్‌డ్రైవ్‌ని గుప్పిట్లో మూసుకుని, కుర్చీలోంచి మెల్లగా లేచి గోడ పక్క స్టూలు మీద కూర్చుంది.

కొత్త కంప్యూటర్ వచ్చింది. ఏది కొన్నావని ఎవరైనా అడిగితే బాబాయ్ విసుక్కుంటాడు. పాస్‌వర్డ్ కాగితం చింపేశాడు. ఎంత దగ్గరివాళ్ళొచ్చినా ఇప్పుడు ఆ కుర్చీ ఇవ్వడు. టైలరమ్మ వస్తే మాత్రం తనే లేచి, "రామ్మా, ఇలా కూర్చో" అంటాడు.

"పర్లేదు బాబాయ్, ఇక్కడ బాగానే ఉంది," అంటుందావిడ స్టూలు మీంచి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.