పలకకు పూసిన ఆముదం

“ఆముదం పూసింది నేను. ఆ మాట నేనే పోయి చెప్తా. నువ్వు అడ్డం రావద్దు.”

“యాడికి పోతావు? ఎవురికి చెప్తావు? కూచో ఆడ.”

“హనుమన్న ఇంటికాడికే పోతా. పలకకు నూనె పూసింది ఈ సుంకమ్మే, మా ఆయప్ప చేతులకు ఏ రోగమూ లేదు అని అందరి ముందరా చెప్తా.”

“నూనె గీనె అని యాల గొంతు చించుకుంటాండావు? చేతుల్లో సత్తువ లేకపాయ. నిప్పు రాకపాయ. అయిపాయ.”

“సత్తువ లేనోడు మొన్న గడ్డివామి ఎట్ల యేసినాడప్పా?”

“గడ్డి వేరు, నిప్పు వేరు.”

నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన ప్రహరీ బయట మునీంద్ర బండి దిగి, లోపల పెదనాయన, పెద్దమ్మల కీచులాట విని నిలబడిపోయాడు. చేతిలో వాళ్ళమ్మ ఇచ్చి పంపిన క్యారియర్ ఉంది. వేరే రోజైతే వీధి మొదట్లోనే “పెద్దమ్మా, ఏం చేస్తాండావు” అని కేకేసేవాడు. ఈరోజు కేకెయ్యలేదు. నిన్న ఊరందరి ముందర పెదనాయన సోమన్న పరువు తీసినవాడు తనే. ఆ మొహం పెట్టుకుని లోపలికి ఎట్లా పోవాలో తెలియక, దొంగలాగా గోడకు ఆనుకుని వింటున్నాడు.

సోమన్న గురించి ఊళ్ళో అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ దొరకదు. వయసులో ఉండగా నాపరాయి గనిలో బండలు పగలగొట్టాడు. గని మూతపడ్డాక కల్లూరులో పాలిష్ మిషన్ల దగ్గర బండలు మోశాడు. దగ్గు పట్టుకున్నాక అదీ మాని, మేకల్ని పెట్టుకుని ఇంటిపట్టున ఉంటున్నాడు. పిల్లలు లేరు. గట్టిగా మాట్లాడడు. పెళ్ళిళ్ళలో చివరి బంతికి కూర్చుంటాడు. హనుమన్న లాంటి పెద్దరైతు కనబడితే పక్కకు తప్పుకుంటాడు. హనుమన్న కూడా ఏడాది పొడుగునా అతన్ని “ఒరే సోమా” అనే పిలుస్తాడు.

ఊరి అమ్మవారు సుంకులమ్మ జాతర పొద్దున మాత్రం “రాప్పా సోమన్నా” అంటాడు.

ఆ పొద్దున ఊళ్ళో ఏ పొయ్యీ వెలగదు. గ్యాస్ ఉన్నవాళ్ళు సిలిండర్ కట్టేస్తారు. టీ అంగడి మూసి ఉంటుంది. అమ్మవారి ముందర సోమన్న ఇంటి మగవాళ్ళు పలక మీద పుల్ల నిలబెట్టి, అరచేతుల మధ్య తిప్పి, అగ్గిపుల్ల లేకుండా నిప్పు పుట్టించాలి. ఆ నిప్పును కొబ్బరి చిప్పల్లో పెట్టుకుని ఆడవాళ్ళు ఇళ్ళకు తీసుకుపోతారు. దాంతోనే పొయ్యి, దాంతోనే పొంగలి. నిప్పు పుట్టేదాకా చంటిబిడ్డకు పాలు కాచడానికి కూడా లేదు. ఊరు ఊరంతా సోమన్న చేతుల వైపు చూసే పూట అది ఒక్కటే. మిగతా ఏడాదంతా ఆ చేతులు ఉన్నాయని కూడా ఎవరికీ గుర్తుండదు.

అది ఒక్కడితో అయ్యే పని కాదు. పుల్లను నొక్కిపట్టి తిప్పుతూ ఉంటే చేతులు కిందికి జారుతూ వస్తాయి. అవి పలకను తాకేలోగా రెండోవాడు పైన అందుకోవాలి. మధ్యలో ఊపిరి పీల్చినంత సేపు ఆగినా పుట్టిన వేడి పోతుంది. ముందు సోమన్న తమ్ముడు రెండో చెయ్యి పట్టేవాడు. అతను పోయాక, అతని కొడుకు మునీంద్ర మీద పడింది. మునీంద్రకు అది ఇష్టం లేదు. నిజానికి వాడికి ఏదీ ఎక్కువ కాలం ఇష్టం ఉండదు. కర్నూల్లో డిగ్రీ మధ్యలో వదిలేశాడు. కొన్నాళ్ళు షేర్ ఆటో తోలాడు. ఇప్పుడు కల్లూరులో సెల్ ఫోన్లు బాగుచేసే అంగడిలో కూర్చుంటున్నాడు. ఆడపిల్ల చేతుల్లా మెత్తబడిపోయాయి వాడి చేతులు.

నిన్న ఎంతసేపు తిప్పినా నిప్పు రాలేదు.

పుల్ల జారుతూనే ఉంది. ఎప్పుడూ పలక గుంటలో నల్లటి పొడి రాలేది, దాంట్లోంచి పొగ లేచేది. నిన్న గుంట నల్లబడకుండా గాజులాగా నిగనిగలాడింది. పొద్దెక్కింది. మునీంద్ర అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. ఖాళీ చిప్పలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నారు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు.

“ఏమప్పా సోమన్నా, అమ్మవారికి కాఫీ టయం దాటిపోతాండాది” అన్నాడు హనుమన్న. జనం నవ్వారు.

“సోమన్న చేతులకు కరెంటు తీసేసినట్టుండారు” అన్నాడు వెనకనుంచి ఎవడో. ఇంకా నవ్వారు.

సోమన్న అప్పుడు ఒక్క క్షణం చేతులు ఆపి, ఆడవాళ్ళ గుంపు వైపు చూశాడు. మళ్ళీ తల వంచుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ఆ ఆపడం చూసి మునీంద్రకు ఒళ్ళు మండింది. తన చేతుల నుంచి రక్తం కారుతుంటే ఈ ముసలాయన దిక్కులు చూస్తాడేంది అనుకున్నాడు. కల్లూరు నుంచి పిలుచుకొచ్చిన స్నేహితులు ఫోన్లలో అదంతా పడుతున్నారు. ఈయన మా పెదనాయన అని వాళ్ళకు గొప్పగా చెప్పినందుకు సిగ్గేసింది. పెదనాయనను చూసి సిగ్గుపడ్డాడు వాడు. అదీ అసలు తప్పు.

పుల్ల వదిలేశాడు. జేబులోంచి సిగరెట్ లైటర్ తీసి సోమన్న ముందు పెట్టాడు.

“ఇంద పెదనాయనా. దీంతో కానీ. జనం టీ లేక సచ్చిపోతాండారు.”

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు. ఆడవాళ్ళ గుంపులోంచి వాళ్ళమ్మ భీమమ్మ “ఆ లైటర్ నీ జేబులోకి యాడిది రా?” అని అరిచింది. ఆ నవ్వు రెండింతలైంది.

సోమన్న వాణ్ణి చూడలేదు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, అమ్మవారి వైపు తిరిగి, “నా చేతులు అయిపోయినాయి తల్లీ” అన్నాడు. లేచి జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ లైటర్‌తో హనుమన్నే కర్పూరం వెలిగించాడు. ఇంక వచ్చే ఏడు నుంచి అగ్గిపెట్టెతోనే కానిద్దాం, ఈ తిప్పలన్నీ ఎందుకు అన్నాడు. సరేనన్నారు అందరూ. నిప్పు ఇల్లిల్లూ చేరింది. పొంగళ్ళు ఉడికాయి. మునీంద్ర మాత్రం పొంగలి ముట్టలేదు.

ఈరోజు మధ్యాహ్నం భీమమ్మ జొన్నరొట్టెలూ చెనిక్కాయల ఊరిమిండి పచ్చడీ క్యారియర్‌లో సర్ది వాడి చేతికిచ్చింది. “ఆ ఇంట్లో నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదంట. మీ పెద్దమ్మ నిప్పు తీసుకోని పోలేదు. పోయి ఇచ్చి రా.”

“నేను పోనుమా.”

“సిగ్గయితాండాదా? ఆ సిగ్గుతోనే పో” అంది భీమమ్మ.

అట్లా వచ్చి గోడ దగ్గర ఇరుక్కున్నాడు. లోపల సుంకమ్మ గొంతు ఇప్పుడు తగ్గింది. ఏడుపు కలిసింది.

“దసరాకు నువ్వు జొరంతో పెద్దాసుపత్రిలో ఉంటివి. గడ్డపార, కొడవండ్లు కడిగి బొట్లు పెట్టినా. నీ పలకకు ఎవురు పెట్టాల? అటక మీంచి దించితే పగులు కనపడె. ఎండకు చీలిపోతాదని భయమాయ. బండి ఇరుసుకు పూసేది ఆముదమే గదా అని దీనికీ పూసినా. తాగేకొద్దీ పూసినా. ఆడోళ్ళు ముట్టకూడదని నాకు తెలీదా? తెల్సు. తెల్సే ముట్టినా. నువ్వు ఆడ మంచం మీద, నీ పలక ఈడ ఎండిపోతాంటే నా పానం ఊరుకోలేదు.”

“ఆ నూనె ఎప్పుడో ఆరిపోయింటాదిలే. నాకు వాసన కూడా రాలేదు.”

“వచ్చింది. అబద్ధం ఆడొద్దు. నిన్న చేతులు ఆపి మా గుంపులోకి చూసినావు. నన్నే చూసినావు.”

లోపల సోమన్న దగ్గు వినిపించింది.

గోడ ఇవతల మునీంద్రకు ఆ వాసన గుర్తొచ్చింది. పుల్ల వేడెక్కినప్పుడు ఆరిపోయిన దీపంలాంటి కమురు వాసన. అమ్మవారి దీపాలదే అనుకున్నాడు. ఆ చూపూ గుర్తొచ్చింది. దిక్కులు చూడటం కాదు అది. పెళ్ళాం ఏం చేసిందో పెదనాయనకు తెలిసిపోయిన క్షణం. తెలిసి, ఆ మాట నోట్లోనే మింగి, తలవంచుకుని ఆ జిడ్డు పలక మీద మళ్ళీ తిప్పుతున్న మనిషి ముందు తను లైటర్ పెట్టాడు.

వెనక్కి జరగబోతే క్యారియర్ నాపరాయికి తగిలింది.

“ఎవురది?” అంటూ సుంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బయటికొచ్చింది. వాణ్ణి చూడగానే ఏడుపంతా కోపమైంది. “రాప్పా రా, లైటర్ దొరా. మా పొయ్యి అంటించి పోదామని వచ్చినావా?”

“వాణ్ని ఏమనొద్దు” అన్నాడు లోపలినుంచి సోమన్న.

“అనకపోతే ముద్దు పెట్టుకోవాల్నా?” అంటూనే క్యారియర్ అందుకుంది. మూత తీసి చూసి పెనిమిటి ముందర పెట్టింది. “నువ్వు తిను. లైటర్ నిప్పు మీద కాల్చిన రొట్టె నాకొద్దు.” మూల కూర్చుని గిన్నెలోని బొరుగులు, పచ్చి ఉల్లిగడ్డ నములుతూ గోడకేసి తిరిగింది. నిన్నటి నుంచి ఆమె తిండి అదే.

మునీంద్ర అరుగు కిందే నిలబడి, “పెద్దమ్మా, నేను పోయి చెప్తా. ఆ వాసన నాకూ వచ్చింది. పెదనాయన చేతుల తప్పు కాదని...” అన్నాడు.

సోమన్న రొట్టె ముక్క క్యారియర్‌లో పెట్టేశాడు. లేచి, పొడుగు కర్రకు కట్టిన దోటి కొడవలి అందుకుని, “రా, మేకలకు తుమ్మకొమ్మ కొట్టుకొద్దాం” అన్నాడు.

సోమన్న ఇల్లు కనబడనంత దూరం నడిచాడు. చేని గట్టు మీద కిత్తనార పొదల దగ్గర ఆగి, కొడవలికి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు మొదలుపెట్టాడు.

“చెప్తే ఏమయితాది? నన్ను చేతకానోడు అంటాండారు. అనుకోనీ. నాలుగు దినాలు నవ్వుతారు. ఆమె ముట్టిందని తెలిస్తే నవ్వరు. ముట్టింది గాబట్టే అమ్మవారు నిప్పు ఇయ్యలేదంటారు. రేపు వాన రాకపోయినా ఆమే. ఎవురి గొడ్డు సచ్చినా ఆమే. ఆ మాట పడి ఈ ఊళ్ళో ఉండేది ఎట్ల?”

“అమ్మవారు కూడా ఆడదే గదా పెదనాయనా.”

“అది అమ్మవారికి తెల్సు. హనుమన్నకు తెల్దు.”

మునీంద్రకు నవ్వు రాబోయి ఆగిపోయింది. పెదనాయన మొహంలో నవ్వు లేదు. వాడు కాలితో మట్టి గీకుతూ, “నిన్న నేను చేసింది...” అన్నాడు. మిగతాది రాలేదు. ఎప్పుడూ ఎవరికీ క్షమించమని చెప్పి అలవాటు లేదు వాడికి.

“నువ్వు చేసింది నువ్వు మోసుకో” అన్నాడు సోమన్న. తిట్టినట్టు లేదు, ఓదార్చినట్టూ లేదు. “నాకు ఇంకోటి ఉండాది మోసేది.”

చేతులు చాచి చూపించాడు. గని రాళ్ళకు కాయలు కాసి, గీతలు చెరిగిపోయిన అరచేతులు. మణికట్టు దగ్గర సన్నగా వణుకుతున్నాయి.

“జొరం వచ్చి పోయినప్పటి నుంచి ఇట్ల ఉండాది. ఆమెకు చూపియ్యలేదు. నూనె ఉన్య, నిజమే. నూనె లేకపోయింటే నిప్పు వచ్చేదా? నాకు తెలీదప్పా. నూనె అడ్డం పడిందో, ఈ చేతులే అయిపోయినాయో, రాత్రంతా తన్నుకున్యా. తేలలేదు. అమ్మవారి ముందర అయిపోయినాయని నోటితో అంటి గదా. అది నిజమో అబద్ధమో కూడా తెల్దు నాకు.”

వంగి, కిత్తనార మట్టల సందులోంచి తువ్వాలు చుట్టిన మూటను లాగాడు. విప్పితే కొత్త పలక. ఎండిన రావికొమ్మను ఈ పొద్దున్నే చెక్కినట్టున్నాడు, తెల్లగా ఉంది. ఒక మూలన చిన్న గుంట తొలిచి ఉంది. పక్కన సాపు చేసిన జిల్లేడు పుల్ల. మునీంద్ర పలకను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పచ్చి కొయ్య వాసన కూడా లేదు. ఉత్త దుమ్ము వాసన.

“ఒక్కనితో అయ్యేది కాదు ఇది” అన్నాడు సోమన్న. “రెండో చెయ్యి కావాల. ఊళ్ళో ఇంకెవుర్ని అడిగేకి నాకు మొగం లేదు.”

మునీంద్ర తన అరచేతులు చూసుకున్నాడు. పగిలిన బొబ్బలు. పెదనాయన ముందర వాటిని దాచుకోవాలనిపించి పిడికిళ్ళు మూశాడు. “ఇప్పుడే పడతా” అన్నాడు.

“వద్దు. అవి మాననీ. సగంలో వదిలేటట్టయితే మొదలే వద్దు.” ఆ మాట వాడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సోమన్న పలకను మళ్ళీ తువ్వాలులో చుట్టి పొదలోకి తోశాడు. “మానినాక ఈడికే రా. ఫోను ఇంటికాడ పెట్టి రా. ఆ లైటర్ గూడా.”

“వస్తా.”

తుమ్మకొమ్మలు కొట్టుకుని మోపు కట్టారు. మునీంద్ర నెత్తికెత్తుకున్నాడు. సోమన్న ముందు నడుస్తూ నడుస్తూ, ఇల్లు కనబడే మలుపు దగ్గర నిలిచిపోయాడు. వాకిట్లో సుంకమ్మ మేకల కుడితి తొట్టి ఊడుస్తోంది. ఆమె వైపే చూస్తూ, వెనక్కి తిరగకుండా అన్నాడు:

“నిప్పు రాలేదనుకో, బాధ లేదు. పలక కొత్తది, నూనె చుక్క తగల్లేదు, అయినా రాలే, తప్పంతా నా చేతులదే, ఇంగ ఏడవొద్దు అని మీ పెద్దమ్మకు నేనే చెప్పుకుంటా.” కొడవలి భుజం మార్చుకున్నాడు. “వస్తే మాత్రం ఆడ్నే మట్టి కప్పేసి వద్దాం. వచ్చిందని ఆమెకు చెప్పొద్దప్పా.”