ముత్తాతను పులి తినలేదు

ఆ ఊళ్లో నీటి మోటారు కాలిపోతే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "మోటార్లక్క దగ్గరికి తీసుకెళ్ళండి." ఆమెకు యాభై రెండేళ్ళు. తండ్రి పోయాక ఆయన దుకాణంలో కూర్చుని, మాడిపోయిన కాయిళ్ళు విప్పి కొత్త రాగి తీగ చుట్టడం మొదలుపెట్టినప్పుడు ఊరంతా ముక్కున వేలేసుకుంది. పాతికేళ్ళుగా చుట్టుపక్కల పొలాలకు నీళ్ళు పారుతున్నాయంటే ఆమె చేతి చలవే. చుట్టిన తీగకు పూసే వార్నిష్ ఘాటు ఆమె చీరలకే కాదు, మాటలకు కూడా పట్టిందని పెద్దమ్మ అంటూ ఉంటుంది.

ఊరు పుట్టి వందేళ్ళు కావస్తోంది. అంతకు ముందు అక్కడ రాళ్ళు, ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. ఆ బీడును ముక్కలు చేసి, ఏడేళ్ళు అక్కడే ఉండి సాగు చేసినవాళ్ళకు పట్టా ఇస్తామని ప్రభుత్వం చాటితే, ఎక్కడెక్కడి నుంచో నలభై కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చి దిగాయి. ఇప్పుడు ఆ కుటుంబాల కథలతో ఒక పుస్తకం వేయాలని పెద్దలు కమిటీ కట్టారు. ఇంటికొక పేజీ. రిటైరైన హెడ్మాస్టరు దానికి అధ్యక్షుడు.

తమ ఇంటి పేజీని పెదనాన్న మోటార్లక్కకు అప్పగించాడు.

"రాయడానికి ఏముందే, అందరికీ తెలిసిందేగా" అన్నాడు.

తెలిసిందే. ముత్తాత భార్యనూ చంటి కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చాడు, ఎనిమిదెకరాల రాళ్ళు ఒంటి చేత్తో ఏరాడు, బావి తవ్వాడు, పట్టా చేతికొచ్చిన ఏడాదే పశువులను కాపాడబోయి పులి నోట పడ్డాడు. ఈ కథ చెప్పేటప్పుడు పెదనాన్న చొక్కా చేతులు పైకి మడుచుకునేవాడు, పులి ఎదురుగా నిలబడ్డట్టే.

పులి మీద పడిన తేదీ ఒక్కటి దొరికితే పేజీకి నిండుదనం వస్తుందని ఆమె పట్నంలో రికార్డుల ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా మొదటి రోజు భోజనానికి వెళ్ళాడు, రెండో రోజు బీరువా తాళం కనబడటం లేదన్నాడు. మూడో రోజు ఆమె అతని నెత్తి మీద ఆగిపోయి ఉన్న ఫ్యానుకేసి చూసింది.

"కెపాసిటర్ పోయింది. పది నిమిషాల పని. రిజిస్టర్ తెస్తే తిరుగుతుంది" అంది.

తాళం దొరికింది.

అట్ట ఊడిపోయిన ఆ పెద్ద పుస్తకంలో ఒక్కో కుటుంబానికి ఒక పేజీ. పైన వాళ్ళు వదిలి వచ్చిన పాత ఊరి పేరు, కింద ఏటేటా తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు రాసిన ముక్కలు. యజమాని కాపురం ఉండకపోతే భూమి వెనక్కి తీసుకుంటారు గనుక ప్రతి ఏడూ మొదటి మాట యజమాని గురించే.

మొదటి ఏడు: యజమాని ఉన్నాడు. అరెకరం చదును.
రెండో ఏడు: యజమాని ఎద్దును కొనడానికి వెళ్ళాడట. భార్య ఉంది. రెండెకరాలు సాగు.
మూడో ఏడు: యజమానికి చుట్టాలింట్లో జ్వరమట. భార్య ఉంది. మూడెకరాలు.
నాలుగో ఏడు: యజమాని పెళ్ళికి వెళ్ళాడట. ఎవరి పెళ్ళో భార్య చెప్పలేదు. ఐదెకరాలు.
ఐదో ఏడు: యజమాని గురించి నేను అడగలేదు. భార్య దున్నుతూ ఉంది.
ఆరో ఏడు: బావి పూర్తయింది. నీళ్ళు తాగాను. బాగున్నాయి.
ఏడో ఏడు: షరతులు నెరవేరాయి. పట్టా ఇవ్వవచ్చు.

ఆ కింద, వేరే సిరాతో: యజమాని మరణించాడు. కారణం పులి. సాక్షి భార్య. భూమి కొడుకు పేరుకు మార్చడమైనది.

పక్కన ఒక వేలిముద్ర. వేలి కొస మీద అడ్డంగా గాయపు గీత ఉన్నట్టు తెలుస్తోంది. మోటార్లక్క ఆ ముద్ర పక్కన తన వేలు పెట్టి చూసుకుంది. పై ఫ్యాను గిర్రున తిరుగుతోంది, పేజీ ఎగిరిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

మర్నాడే బస్సెక్కి ఆ పాత ఊరు వెళ్ళింది. అడగ్గా అడగ్గా ఒక తాళ్ళ దుకాణం చూపించారు. నారతాళ్ళు, పగ్గాలు, చేదతాళ్ళు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్న వసారాలో ఒక ముసలావిడ కుర్చీలో కూర్చుని ఉంది. ముత్తాత ఇక్కడికి తిరిగొచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఈవిడ ఆ రెండో భార్య మనవరాలు. వరసకు మోటార్లక్కకు మేనత్త.

"మా తాత డెబ్బయ్యేళ్ళు దాటి బతికాడమ్మా. ఈ కొట్టు ఆయన పెట్టిందే" అందావిడ. "ఆ రాళ్ళ చోట ఒక్క ఎండాకాలం ఉన్నాడట. చేతులు బొబ్బలెక్కి, ఇది మనుషులు బతికే చోటు కాదు, పోదాం పద అన్నాడట. మీ తాతమ్మ కదల్లేదు."

"ఏమందట?"

"'నువ్వు పో. నేను ఏరిన రాళ్ళు మళ్ళీ చేలోకి నడిచి రావుగా' అందట. మా తాతే చెప్పేవాడు. తిడుతూనే చెప్పేవాడు గానీ, చెప్పినప్పుడల్లా ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు."

"మా ఊళ్లో ఆయన్ని పులి తినేసింది అత్తా. సర్కారు కాగితం ఉంది."

ముసలావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "పులి తినేదాకా ఎదురు చూడకుండా మీ తాతమ్మే చంపేసి మంచి పని చేసింది" అంది.

పెదనాన్న మాత్రం నవ్వలేదు. ఆమె తెచ్చిన రిజిస్టరు నకలు మోకాళ్ళ మీద పెట్టుకుని ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు.

"మా నాన్నకి తెలుసు" అన్నాడు చివరికి. "తెలిసే పులి కథ చెప్పాడు. తండ్రి వదిలేసిన కొడుకు అనిపించుకోవడం ఇష్టం లేక. చనిపోయేదాకా ఆయన దాచుకున్న మాట నువ్వు అచ్చు వేయిస్తావా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తాత ఒళ్ళో పెరిగిన పిల్ల ఆమె. రెండు రోజులు దుకాణం తెరిచింది గానీ ఒక్క కాయిలు కూడా సరిగ్గా చుట్టలేకపోయింది. మూడో రోజు పెదనాన్న ఇంటికెళ్ళి గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"తాతను వదిలేసి పోయింది ఒక్కడు, పెదనాన్నా. వదలకుండా పట్టుకున్నది ఇంకొకరు. పోయినవాడికి ఇన్నేళ్ళూ దండం పెట్టాం. నేనింక పెట్టను."

"పరువు పోతుందే!"

"ఎవరిది? పారిపోయినాయనదా? ఆయన పరువు మనమెందుకు మొయ్యాలి?"

కమిటీ కూడా ఒప్పుకోలేదు. శతాబ్ది పుస్తకంలో ఇలాంటివి బాగుండవనీ, వీరుడిగా ఉన్న మనిషిని అలాగే ఉండనిద్దామనీ హెడ్మాస్టరు మెత్తగా చెప్పి చూశాడు.

"సరేనండీ, నా మాట ఒక్కటి కూడా వెయ్యొద్దు. ఇన్‌స్పెక్టరు రాసింది రాసినట్టు వెయ్యండి. అది సర్కారు రాత, అబద్ధమంటే ఆయనతో తేల్చుకోండి. అదీ కుదరదంటే మా పేజీ ఖాళీగా వదిలి, కింద నా పేరు వెయ్యండి. ఎందుకు ఖాళీ అని అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటా."

ఖాళీ పేజీకంటే ఆ ఏడు ముక్కలే నయమనిపించింది హెడ్మాస్టరుకు.

పుస్తకం విడుదల రోజున బడి ఆవరణలో ఒక్కొక్కరూ తమ పేజీ చదివారు. అందరి తాతలూ సింహాల్లాంటివాళ్ళే. మోటార్లక్క వంతు వచ్చింది. గొంతు పెంచకుండా, ఇంకేమీ కలపకుండా చదివింది. "ఎవరి పెళ్ళో భార్య చెప్పలేదు" దగ్గర నవ్వులు లేచాయి. "భార్య దున్నుతూ ఉంది" దగ్గర ఆగిపోయాయి. పెదనాన్న మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ లేవలేదు. ఆయన వెనక్కి తిరిగి పిలిచినా లేవలేదు.

తర్వాత రెండు నెలలు పెదనాన్న ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా మాట మార్చుకోలేదు. గోడ మీద ముత్తాత ఫొటో ఎన్నడూ లేదు గనుక దించాల్సిన పని లేకపోయింది. తాతమ్మ వేలిముద్ర నకలును మాత్రం అద్దం కట్టించి దుకాణంలో బేరింగుల అర పైన తగిలించింది.

విడుదలైన వారం తిరక్కముందే ముగ్గురు ఆడవాళ్ళు దుకాణానికి వచ్చారు. వాళ్ళ చేతుల్లో మోటార్లు లేవు. వాళ్ళలో పాలకేంద్రంలో పనిచేసే ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా ఇంటి పేజీ కూడా ఆ ఆఫీసులో ఉంటుందా?"

"నలభై ఇళ్ళవీ ఉన్నాయి. రేపు పొద్దున బస్సుకి వెళ్ళండి. గుమాస్తా భోజనానికి వెళ్ళాడంటే అక్కడే కూర్చోండి, లేవకండి."