కాన్పుగదిలో రఖియా

అట్లాస్ కొండల్లో బార్లీ చేలు, అక్రోటు చెట్లు, దిగువన వారానికోసారి జరిగే సంత తప్ప మరో లోకం ఎరగని మనిషి రఖియా. మొగుడు పోయాక ఒక్కగానొక్క కూతురు తూదాను రెక్కల కష్టంతో పెంచి, ఉన్న ఊళ్లోనే పెళ్లి చేసింది.

తూదా తొలి కాన్పు దిగువ పట్నం ఆసుపత్రిలో అయింది. రఖియాను గేటు బయటే ఆపేశారు. లోపల నర్సు అరబ్బీలో కసిరింది. కొండ భాష తప్ప మరోటి రాని పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నొప్పికి అరిస్తే నర్సు తొడమీద ఒక్కటి చరిచింది. ఆడపిల్ల పుట్టింది. ఆ అవమానం తూదా తల్లికి తప్ప తన మొగుడికి కూడా చెప్పుకోలేదు.

రెండోసారి నెలలు నిండాక తల్లితో తెగేసి చెప్పింది. "చస్తే ఇక్కడే చస్తానే అమ్మా. ఆ గొడ్లపాకకి నన్ను తోలకు."

"ఏం మాటలే అవి! నిన్ను నేను ఈ ఇంట్లోనే కనలా? నేనున్నాగా!"

మగబిడ్డ సుళువుగానే పుట్టాడు. నెత్తురే ఆగలేదు. అల్లుడు కంచరగాడిద మీద ఎక్కించుకుని దిగువకు బయల్దేరాడు. వాగు దాటకముందే తూదా చెయ్యి రఖియా చేతిలో చల్లబడింది.

చంటివాడికి టీకా వేయించడానికి మళ్లీ ఆ ఆసుపత్రికే వెళ్లాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన మంత్రసాని సనా, "వీడి తల్లి రాలేదా?" అని అడిగింది.

"మీకు భయపడి రాలేదు. మట్టిలో ఉంది," అంది రఖియా, సంతలో నేర్చిన వచ్చీరాని అరబ్బీలో.

సనా చేతిలో సూది పక్కన పెట్టింది. "పిన్నీ, నాకు మీ భాష రాదు. కాన్పుకొచ్చిన పిల్ల ఏమంటోందో తెలీక ఒక్కోసారి నేనూ కసురుతున్నా. నువ్వొచ్చి వాళ్ల పక్కన కూచోరాదూ?"

రఖియా నాలుగు తిట్టి వచ్చేసింది. కానీ పొరుగింటి ఇజ్జా నెలలు నిండి, "నువ్వొస్తేనే పోతా అత్తా" అని మొండికేసేసరికి వెంట వెళ్లక తప్పలేదు. సనా గేటు దాకా వచ్చి ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లింది. రఖియా ఇజ్జా చెయ్యి పట్టుకుంది, నడుం రాసింది, సనా చెప్పే ప్రతి మాటా కొండ భాషలో చెవిలో చెప్పింది.

బిడ్డ పుట్టాక పక్కంతా నెత్తురుతో తడిసింది. రఖియా "అయ్యో" అని అరిచింది. సనా మాత్రం కంగారు పడలేదు. తొడకు సూదిమందు వేసి, పొత్తికడుపు గట్టిగా మర్దించింది. కాసేపటికి నెత్తురు ఆగింది. ఇజ్జా మంచినీళ్లు అడిగింది.

"ఇంతేనా?" అంది రఖియా.

"ఏంటి పిన్నీ?"

"దీనికి... ఇంతేనా?"

రఖియా ఇజ్జాకు నీళ్లు తాగించింది, పురుటిగుడ్డలు ఉతికి ఆరేసింది. అప్పుడు గోడవారన కూలబడి బావురుమంది.

కొండల మీంచి కాన్పుకొచ్చే ఆడవాళ్ల పక్కన అప్పట్నించీ రఖియానే కూర్చుంటుంది. ఆ సూది వేసేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకుంటుంది.