కుడివైపు నుంచి చదివితే

బొమ్మల పుస్తకం అంటే పిల్లల పుస్తకమేనని మేడ్చల్‌లో అందరికీ గట్టి నమ్మకం. నేనిక్కడ ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. యాభైకి దగ్గర పడ్డాను. స్టాఫ్ రూములో అలాంటి పుస్తకం తెరిస్తే చాలు, లెక్కల సారు మెడ సాచి, "ఏంది మేడం, గీ వయసుల బొమ్మల బుక్కులా?" అంటాడు. ఆయన మాత్రం రోజంతా ఫోన్లో గుడ్ మార్నింగ్ గులాబీలు చూస్తూ కూర్చుంటాడు. ఒక మాట అందామనిపిస్తుంది, అనను. నోరు మూసుకోవడం మా ఇంట్లో ఆడవాళ్లు ముందే నేర్చుకునే చదువు.

ఈ ఏడాది నేను చదివినవన్నీ కౌకూర్‌లో ఉండే స్నేహితురాలు ఇచ్చినవే. నెలకొక ఆదివారం పొద్దున్నే శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు మీది చాయ్ హోటల్లో కలుస్తాం. పాతవి ఇచ్చేస్తాను, కొత్తవి తీసుకుంటాను. వీరులు ఎగిరి దూకే రకం కాదివి. ఎవరూ అడక్కుండానే ఒక మనిషి కూర్చుని తన ఇంటి సంగతి గీసి, సొంతంగా అచ్చేసుకునే రకం. ఒకదాంట్లో ఓ నర్సు తను చూసుకున్న రోగుల చేతులు మాత్రమే గీసింది, ఒక్క ముఖం లేదు. చివరి పేజీలో తన చెయ్యి గీసుకుంది. ఆ పుస్తకం చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను.

ఆ తర్వాత నా చేతికొచ్చింది ఒక జపాన్ పుస్తకం. వాటిని మాంగా అంటారు. సికింద్రాబాద్‌లో పాత పుస్తకాల వాడి దగ్గర కొన్నదట స్నేహితురాలు, జపాన్ భాషలోదే. ఒక్క అక్షరం తెలియదు, బొమ్మలు చూసుకుంటూ పోవడమే. సగం దాకా పోయాను. పోట్లాడుకున్నవాళ్లు ఎందుకు పోట్లాడుకున్నారో తెలియదు, పగిలిన కుండ తర్వాతి పేజీలో బాగానే ఉంది. "ఏం కథ ఇది, తలా తోకా లేదు!" అని మంచం మీద పడేశాను.

మా నాయిన దాన్ని తీసుకున్నాడు. ఎనభై దాటిన మనిషి, అమ్మ పోయాక ఆరేళ్లుగా నా దగ్గరే ఉంటున్నాడు. పుస్తకాన్ని అటూ ఇటూ చూసి, తిరగేసి, నేను ఆఖరి అట్ట అనుకున్నదాన్ని మొదటి అట్ట చేసి తెరిచాడు.

"ఉల్టా పట్టుకున్నవ్ బిడ్డా. గిది కుడి దిక్కు నుంచి సదువాలె. మన ఉర్దూ లెక్క."

నా ముఖం చూడాలి అప్పుడు! ఇరవై ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నదాన్ని నేను, పుస్తకం ఎటు తెరవాలో చెప్పింది ఆయన.

ఆయనకు ఉర్దూ బాగా వచ్చు. చిన్నప్పుడు వాళ్ల నాయిన పట్టుబట్టి చదివించాడట, భూముల కాగితాలన్నీ ఉర్దూలోనే ఉండేవి కాబట్టి. శామీర్‌పేట చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చినప్పుడు ఊరు ఊరంతా పాత కాగితాలు పట్టుకుని మా అరుగు మీదికే వచ్చింది. ఆయన చదివి చెప్పిందే చదువు. అట్లా పెద్దమనిషి అయ్యాడు, తగాదాల్లో తీర్పులు చెప్పాడు, ఆ తర్వాత ప్లాట్ల వ్యాపారంలో దిగాడు.

ఇగ రోజూ అదే పని. అన్నం తిని బాల్కనీలో కుర్చీ వేసుకుని నా పుస్తకాలు ముందేసుకునేవాడు. "గీ జపానోళ్లకు మస్తు ఓపిక ఉన్నది. అరకప్పు చాయ్ తాగుడు నాలుగు పేజీలు గీసిండు సూడు," అనేవాడు. అయిపోతే, "ఇంకోటి తే," అనేవాడు. నేను పక్కన కూర్చునేదాన్ని. ఈ మనిషితో కలిసి పుస్తకాలు చదువుతానని కలలో కూడా అనుకోలేదు. ఇంకా చెప్పాలంటే, ఆయనతో కలిసి నవ్విన ప్రతిసారీ అమ్మకు ద్రోహం చేసినట్టుండేది నాకు.

పుస్తకం మూయగానే నేనొక ప్రశ్న అడిగేదాన్ని. "తప్పెవరిది నాయినా?" ఆయన పాత పెద్దమనిషి కదా, కండువా సర్దుకుని తీర్పు చెప్పేవాడు. పక్కపక్క ఇళ్ల ముసలమ్మా ముసలాయనా బట్టలారేసే తీగ కోసం పుస్తకమంతా కొట్లాడుకునే మాంగా ఒకటుంది. దానికి క్షణం ఆలోచించలేదు. "ఆయినది. ఆమె జాగల ఆమె తీగ కట్టుకున్నది. అడుగకుంట తెంపుటానికి ఈయిన ఎవలు?"

చేతిలో ఉన్న చాయ్ గ్లాసు ఆయన మీదికి విసిరేయాలనిపించింది. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు, ఎంత నిజం!

మా అమ్మకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఒకటుండేది, శామీర్‌పేట చెరువు దిగువన. బీర, చిక్కుడు, గోకర పెట్టేది. గంపలో వేసుకుని మేడ్చల్ అంగడికి తెచ్చేది. అమ్మ చదువుకోలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా పొదుపు సంఘంలో చేరుతానంటే, పలక మీద తన పేరు రాసిచ్చి దిద్దించాను. నా మొదటి విద్యార్థి ఆమే. వారం రోజులు ఆ నాలుగు అక్షరాలే, పొయ్యి దగ్గర బూడిదలో కూడా రాసేది. చివరి అక్షరం కొమ్ము ఎప్పుడూ పైకి లాగేసేది, ఎంత చెప్పినా వినేది కాదు.

ఆ ఎకరాన్ని నాయిన ప్లాట్ల వాళ్లకు అమ్మేశాడు. అమ్మకు చెప్పలేదు. ఒకరోజు పొద్దున ఆమె గంపతో బీరకాయలు కోయడానికి పోతే తోటలో వరసగా తెల్లసున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. ఖాళీ గంపతో ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. నేనప్పుడు అద్దె ఇంట్లో వేరే ఉంటున్నాను. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చి, "నువ్వెట్లా ఒప్పుకున్నవే?" అని అరిచాను. "కొత్త పాస్‌బుక్కు అన్నడు. పెట్టమన్నడు, పెట్టిన," అంది. అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ దారిన మళ్లీ పోలేదు. ఆమె దిగులుతోనే పోయిందని నేనంటే నమ్మకండి, షుగరు కూడా ఉంది. కానీ మందులు వేసుకోవడం మానేసింది మాత్రం ఆ రాళ్లు చూశాకే.

నాకు ఆయన నుంచి కావలసింది ఒక్క మాట. నాది తప్పు అనే మాట. అమ్మ బతికి ఉండగా అడిగితే, "నీకేం ఎరుక, ఊకో," అన్నాడు. పోయాక అడిగితే దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నాడు. ఆరేళ్లుగా అన్నం వడ్డిస్తున్నాను, మాత్రలు చేతికి అందిస్తున్నాను, లోపల మాత్రం ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాను. ఎవరో జపాన్ ముసలమ్మ తీగకు తీర్పు చెప్పగలిగిన నోటికి ఇంట్లో మనిషి ఎకరం కనబడలేదా?

అందుకే వేసవి సెలవుల్లో కూర్చుని నేనూ ఒక పుస్తకం గీశాను. పదహారు పేజీలు, ఒక్క మాట లేదు, అన్నీ బొమ్మలే. మొదట అమ్మ చిక్కుడు పందిరి కింద, గంప నిండా కాయలు. తర్వాత నాయిన కాగితాలతో వస్తాడు. పిన్నులు కొట్టే నడిమి పేజీల్లో, రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ, నీలిసిరా అంటిన బొటనవేలు కాగితం మీదికి దిగుతుంటుంది. అంత పెద్ద బొమ్మ గీయడం ఆ జపాన్ పుస్తకాల్లో చూసే నేర్చుకున్నాను. మంచి బొమ్మ అది, నిజం చెప్పొద్దూ, గీసి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత తెల్లరాళ్లు, గడప, మంచం. ఆఖరి పేజీలో మేకుకు వేలాడుతున్న ఖాళీ గంప.

మేడ్చల్ బస్టాండు దగ్గర జిరాక్సు తీయించాను. షాపతను కాగితాలు సర్దుతూ, "ఎవలు మేడం గీ అవ్వ?" అన్నాడు. మా అమ్మ అన్నాను. "మంచిగ గీసిన్రు," అని మాటలు ఆపేసి పిన్నులు కొట్టిచ్చాడు.

మరునాడు పొద్దున చాయ్‌తో పాటు ఆ పుస్తకం నాయిన ముందు పెట్టాను. "కొత్తది," అన్నాను. ఎదుట నిలబడే ధైర్యం లేక కూరగాయలకని అంగడికి పోయాను. ఏం కొన్నానో తెలియదు, రెండుసార్లు టమాటలే కొన్నాను. ఇన్నేళ్ల కోపాన్ని కాగితాల్లో కట్టి ఒక ముసలి మనిషి చేతికిచ్చి వచ్చాను మరి.

తిరిగొచ్చేసరికి బాల్కనీలో చదువుతున్నాడు. తలుపు దగ్గరే ఆగిపోయాను. పుస్తకం ఆయన చేతుల్లో కుడివైపు నుంచి తెరుచుకుంటోంది.

అయ్యో ఖర్మ! నేనే కదా ఆరు నెలలుగా ఆయన చేతికి జపాన్ పుస్తకాలు ఇచ్చింది. ఇదీ అట్లాగే అనుకున్నాడు. అటు నుంచి చదివితే ఏమవుతుంది? మేకుకు ఖాళీ గంప ఉంటుంది. అమ్మ మంచం మీది నుంచి లేచి గడప మీదికి వస్తుంది. తోటలో రాళ్లు మాయమవుతాయి. వేలు కాగితం మీది నుంచి పైకి లేస్తుంది. నాయిన కాగితాలు తీసుకుని వెళ్లిపోతాడు. చివరికి అమ్మ పందిరి కింద, గంప నిండా కాయలు. అంత కష్టపడి నేను మోపిన నేరం ఆయన చేతుల్లో శుభం కార్డు అయి కూర్చుంది.

ఆఖరి పేజీ, అంటే నా మొదటి పేజీ, చూసి ఆయన తల ఊపాడు. "మంచిగున్నది బిడ్డా. ఆమె తోటల ఆమె ఉన్నది."

సంచీ కింద పడేశాను. టమాటలు దొర్లిపోయాయి. "ఉల్టా చదివినవ్ నాయినా! ఇది జపానోళ్లది కాదు, మనది. ఎడమ దిక్కు నుంచి చదువాలె. ఎడమ దిక్కు నుంచి!"

"ఎరుకే," అన్నాడు. "నువ్వు అంగడికి పోంగనే నీ దిక్కు నుంచే సదివిన. గట్ల సదివితే ఆమె సచ్చిపోతాంది. అందుకే ఇటు నుంచి సదువుతున్న. మూడుసార్లయింది."

ఒక్క క్షణం జాలి వేసింది, ఒప్పుకుంటాను. మరుక్షణమే ఒళ్లు మండింది. బతికినన్నాళ్లూ తప్పించుకున్నాడు, ఇప్పుడు నా పుస్తకంలోంచి కూడా తప్పించుకుంటాడా? వదలదలుచుకోలేదు. ఎదుట కూర్చుని ప్రతి పుస్తకానికీ అడిగినట్టే అడిగాను.

"తప్పెవరిది నాయినా?"

కండువా సర్దుకోలేదు.

"నాదే," అన్నాడు.

ఇన్నేళ్లు కాచుకున్న మాట. వస్తే ఏడుస్తాననుకున్నాను, ఏమీ రాలేదు. ఆయన పేజీలు తిప్పి నడిమి బొమ్మ దగ్గర ఆపి, బొటనవేలి మీద వేలు పెట్టాడు.

"గని గీ బొమ్మ తప్పు బిడ్డా. మీ అమ్మ ఏలు పెట్టలే. సంతకం పెట్టింది."

పుస్తకం నా దిక్కు జరిపాడు.

"ఏలుముద్ర అయితే ఆఫీసుల కాయిదం మొత్తం సదివి ఇనిపిస్తరు. నాకు గదే భయముండె. ఆమె పెన్ను తీస్కొని సక్కగ పేరు రాసింది. సంతకం వచ్చినామె గదా, సదువుకున్నదే అనుకున్నరు. ఎవలు సదివి ఇనిపియ్యలే. నేను బతికిపోయిన." బొమ్మ మీంచి వేలు తీసి, "మస్తు సక్కగ రాసింది. నువ్వు నేర్పిచ్చినట్టే," అన్నాడు.

పెట్టమన్నడు, పెట్టిన. వేలైనా పెట్టడమే, సంతకమైనా పెట్టడమే. ఆమె ఏం పెట్టిందో నేను అడగనైనా లేదు. ఏమీ రాని ఆడదాని వేలు పట్టుకుని ముద్ర వేయించుకున్నారంటే బొమ్మ బాగుంటుందని, నేనే దిద్దించిన నాలుగు అక్షరాలు మర్చిపోయాను. లెక్కల సారు నయం, నా పుస్తకాలు చూసి నవ్వుతాడు కానీ మా అమ్మకు సంతకం రాదని ఎప్పుడూ అనలేదు.

బడి తెరవకముందే ఆ బొమ్మ మళ్లీ గీసి, జిరాక్సు తీయించి నాయిన పుస్తకంలో పాతదాని చోట పెట్టాను. పెన్ను పట్టుకున్న అమ్మ చెయ్యి, నాలుగు అక్షరాలు, చివరి అక్షరం కొమ్ము పైకి. ఆ అక్షరాల కోసం పాత పలక మీద రాసినట్టే పది సార్లు రాసి చూసుకోవలసి వచ్చింది. నాయిన ఇప్పటికీ మధ్యాహ్నం పూట ఆ పుస్తకం తీస్తాడు, తన దిక్కు నుంచే. తీసుకోనీ. ఆ సంతకం నడిమి పేజీల్లో ఉంది. ఆయన కుడివైపు నుంచి వచ్చినా, నేను ఎడమవైపు నుంచి వచ్చినా, ఇద్దరం దాని మీదుగానే పోవాలి.