ఉప్పు బావి, మామిడికాయ నీళ్ళు

నా చిన్నప్పుడు, మైపాడు దగ్గరి మా ఊళ్ళో బావి నీళ్ళు కాస్త ఉప్పగా ఉండేవి. మాకు అలవాటే గానీ సంగం నుంచి వచ్చే చుట్టాలకు గొంతు దిగేవి కావు. పెన్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు మరి! మా చిన్నత్తకు మామగారైన పెద్దాయన వచ్చినప్పుడల్లా ఒక గుక్క తాగి చెంబు దించేవాడు. "ఏం వదినా, పులుసులో వెయ్యాల్సిన ఉప్పు నీళ్ళలో వేసినారా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మా అవ్వ కూడా నవ్వేది గానీ, అందరికంటే ముందే ఆ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. పక్క ఊరి గ్రంథాలయం నుంచి వారానికో పుస్తకం తెచ్చుకునేదాన్ని. నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదేనని ఇప్పటికీ గర్వంగా చెబుతాను. చిన్నత్త బిడ్డకు మా ఇంట్లో పేరు పెట్టే ముందు రోజు, పొయ్యి దగ్గర కూర్చుని చదువుతూ లోకం మరిచిపోయాను. కుండెడు అన్నం మాడిపోయింది. నాయన కొట్టలేదు, తిట్టలేదు. "ఆ పుస్తకం ఇచ్చేసి రా. ఇంక లైబ్రరీకి పోబాక" అన్నాడు. దానికంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

పెరట్లో ఏడుస్తూ ఉంటే పక్కింటి అక్క చూసింది. ఆమెకు చదువు రాదు. చింతపండులో గింజలు తీస్తూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"అన్నం మాడేంత ఏముందమ్మే అందులో? ఏదీ, చదువు."

ఉత్తరాదిలో వడగాలులకు ఇళ్ళలో చేసుకునే పానీయం గురించి ఉందక్కడ. పచ్చి మామిడికాయను నిప్పుల్లో కాల్చి, గుజ్జు తీసి, బెల్లం, వేయించిన జీలకర్ర, ఉప్పు వేసి నీళ్ళలో కలుపుకుంటారట. మామిడికాయను చేపల పులుసులో వేసుకోవడమే గానీ, తాగడం మేము ఎరగం. అక్క కళ్ళు మెరిశాయి.

"రేపు ఆ సంగం పెద్దాయనకు నీళ్ళకు బదులు ఇదే ఇద్దాం. కాయలు నేనిస్తా. చెయ్యడం మాత్రం నువ్వే."

తెల్లవారగానే కాయలు కాల్చాను. పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్క మాట తప్పకుండా చేశాను. అక్క నోట్లో పోసుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది. సముద్రం నీళ్ళకు బెల్లం కలిపినట్టుందట. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. అక్క నవ్వింది.

"పుస్తకం రాసినాయన మన బావి చూళ్ళేదు గదమ్మే! ఆ ఉప్పు మానేసి మళ్ళా కలుపు."

ఈసారి ఉప్పు వెయ్యలేదు. పులుపూ తీపీ మధ్య మా బావి ఉప్పదనం తన చోటు తాను చూసుకున్నట్టు కలిసిపోయింది.

మిట్టమధ్యాహ్నం బండి దిగిన పెద్దాయన, నోట్లో హాస్యం సిద్ధంగా పెట్టుకునే గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి ఆగాడు. ఆపైన ఎత్తిన గ్లాసు ఖాళీ అయ్యాకే దించి, ఇంకోటి అడిగాడు.

"ఉప్పు భలే కుదిరింది వదినా! ఎవరు వేసినారు?"

"మా బావి వేసింది అన్నయ్యా" అంది మా అవ్వ. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఆమే.

అక్క ఆ సందడిలో నాయనకు గ్లాసు అందిస్తూ, "నిన్న అన్నం మాడిందే, ఆ పేజీలోదే అన్నా ఇది. నీ కూతురే చేసింది" అంది. నాయన నా వైపు చూసి, గ్లాసు ఖాళీ చేశాడు. చుట్టాలు వెళ్ళాక పిలిచి, "ఆ పుస్తకం ఇచ్చి ఇంకోటి తెచ్చుకో. అన్నం దించినాకే చదువు" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో కుళాయి తిప్పితే మంచినీళ్ళొస్తాయి. ఎండాకాలం మనవళ్ళకు మామిడికాయ నీళ్ళు కలిపేటప్పుడు ఉప్పు వెయ్యాల్సిందే. అయినా వేసే ముందు ఒకసారి నీళ్ళు నోట్లో పోసుకుని చూస్తాను. పుస్తకంలో కొత్త సంగతి ఏది చదివినా అంతే. దాన్ని నమ్ముతాను, కానీ మా బావి నీళ్ళు కలిపి చూసుకున్నాకే.