ఆరో సీలు

మొయినాబాద్ దిక్కు ఒక ఫామ్‌హౌస్‌ల మూలకు పడ్డ కారు ఉండె. వెనక నుంచి లారీ గుద్ది బాడీ పోయింది గానీ ఇంజన్ కొత్తదాని లెక్కనే ఉన్నదని అమ్మెటాయన చెప్పిండు. అది రోటరీ ఇంజన్. పిస్టన్లు ఉండయి, మూడు మూలల ఇనుప దిమ్మెలు రెండు లోపల గిర్రున తిరుగుతయి. కాలేజీ వర్క్‌షాపుల పనిచేస్తున్న గానీ గసొంటిది నేను ఎన్నడు ముట్టలే. ఆయన మాట సగం కూడా నమ్మకుండనే కొని, చేవెళ్లల మా ఇంటెనుక రేకుల షెడ్డుల దించిన.

సాయానికి షాబాద్ నుంచి మా బావ వచ్చిండు. మా అక్క పెనిమిటి, ట్రాక్టర్లు బాగుచేస్తడు. ఆదివారం చర్చి అయినంక ఇద్దరం కూసోని విప్పినం. పొగ పోయే దారిని గ్రైండర్ తోటి జర వెడల్పు చేస్తే బలం పెరుగుతదని నా ఆశ. దిమ్మె ఒక్కో మూలకు గ్యాసు జారకుండ ఆపే వేలెడంత సన్నటి ఇనుప పట్టీ ఉంటది, దాన్నే సీలు అంటరు. మొత్తం ఆరు. తుడిచి స్టీలు పళ్లెంల పెట్టిన.

మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే అయిదే ఉన్నయి.

షెడ్డంత ఊడ్చిన. ఆ దుమ్ముల అయస్కాంతం తిప్పిన.

"పొద్దుగాల బావ వచ్చిండు, పానా మర్చిపోయిన్నని," అన్నది నా భార్య.

ఇగ నా మనసు ఊకోలే. ఈ సీల్లు ఈడ యాడ దొరకయని ఆయనకు చెప్పింది నేనే. మొన్న ఒకదాన్ని వెలుగుకు పట్టి ఎంతసేపు చూసిండు! ఆ వారంల బావ మూడుసార్లు ఫోన్ చేసిండు, నేను ఎత్తలే. అక్కకు మాత్రం చేసిన.

"అక్కా, బావ పనిముట్ల సంచి జర చూడు."

అక్క ఫోన్ పెట్టేసింది.

శనివారం బావ వచ్చిండు. కూసోమంటే కూసోలే. గుడ్డల చుట్టిన సీలు నా చేతుల పెట్టిండు.

"గోటితోటి గీకి చూడు, బామ్మర్దీ."

గీకిన. నడుమల వెంట్రుకంత పగులు.

"నాకు ఆదివారమే అనుమానమొచ్చింది. ఊకెనే చెప్తే ఫికర్ పడ్తవని లేత్ మిషనాయన దగ్గర భూతద్దంల చూపించిన. గిట్లనే బిగిస్తే ఇది ఇరిగి లోపలంత చీరేస్తుండె. గదే చెప్దామని ఫోన్ చేసిన."

"బావా, నేను..."

"మీ అక్క సంచి ఎతికింది," అన్నడు. "నా ముంగటనే ఎతికింది."

తెల్లారి షాబాద్ పోయి ఇద్దరి ముందట తప్పు ఒప్పుకున్న. అక్క చాయ్ పెట్టింది గానీ నా మొఖం చూడలే.

కొత్త సీల్లు తెప్పించి బిగించినం. బావ చేతనే స్టార్ట్ చేయించిన. ఆ చప్పుడుకు పక్కింటోళ్లు ఉరికొచ్చిండ్రు, బావ చిన్నపిలగాని లెక్క నవ్విండు. ఇప్పటికీ పని ఉంటే వస్తడు. పోయేటప్పుడు మాత్రం షెడ్డు తలుపుకాడ ఆగి, అంగి జేబులు రెండు బయటికి తీసి నాకు చూపించి పోతడు. వద్దు బావా అంటే వినడు.