టేకు బల్లల మోత

నా చిన్నప్పుడు, బెజవాడలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, మా ఇంగ్లీషు టీచరు గారు క్లాసులోకి ఒక అమెరికా నవల పట్టుకొచ్చారు. తెల్లవాళ్ళు నల్లవాళ్ళని పిలిచే ఒక తిట్టు అందులో పేజీ పేజీకీ వస్తుంది. ఇలాంటి పుస్తకం పిల్లలకి చెప్పొచ్చా అని స్టాఫ్ రూములో పెద్ద గొడవే అయిందట. ఆవిడ వింటేగా!

ఆ తిట్టు మా క్లాసు మగపిల్లల నోటికి ఇట్టే అంటుకుంది. నేను నల్లగా ఉంటాను, పైగా ఊరి చివర దళితుల పేట పిల్లని. నా వెనక బెంచీ అబ్బాయి నన్ను ఆ మాటతోనే పిలవడం మొదలుపెట్టాడు. భరించాను. ఒకరోజు మధ్యాహ్నం అమెరికా తిట్టు వదిలేసి, కులం పేరు పెట్టి మన ఊరి తిట్టే తిట్టాడు. నా చేతిలో టిఫిన్ క్యారియరుంది. మూతి మీద ఒక్కటిచ్చాను. ముందు పన్ను విరిగింది, తెల్ల చొక్కా అంతా నెత్తురు. కింద పడ్డాక కూడా వదల్లేదు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగదు.

చిక్కేమిటంటే, వాళ్ళ నాన్న ఆటోనగర్లో లారీల షెడ్డు ఓనరు. మా నాన్న ఆ షెడ్డులోనే వెల్డింగ్ మేస్త్రీ. మర్నాడు ఓనరు మా నాన్నని మెడ పట్టుకుని క్లాసులోకి తోసుకొచ్చాడు. నాన్న పెదవి అప్పటికే చిట్లి ఉంది. పనివాడి పిల్లలు తప్పు చేస్తే తండ్రి చేతే నలుగురిలో కొట్టించడం ఆ షెడ్డు ఆనవాయితీ.

"నీ కూతుర్ని నువ్వే కొట్టు మేస్త్రీ. లేదంటే మావాళ్ళు కొడతారు," అన్నాడు ఓనరు.

నాన్న కొట్టాడు. ఇనుము మోసిన చెయ్యి. చెవిలో గుయ్‌మంది, చెంప లోపల తెగి నోట్లో ఉప్పగా తగిలింది. ఇంకోటి అన్నాడు ఓనరు. నాన్న ఇంకోటి కొట్టాడు. అప్పుడు ఓనరు టీచరు గారి మీదికి వెళ్ళి, నాకు టీసీ ఇచ్చి పంపెయ్యమన్నాడు. ఇదంతా ఈ దరిద్రపు పుస్తకం వల్లేనని దాన్ని లాక్కుని గోడకేసి కొట్టాడు.

ఆవిడ బక్కపలచటి మనిషి. వంగి పుస్తకం తీసి దుమ్ము దులిపారు. "ఈ పూట పాఠం ఒక్కటి విని వెళ్ళండి. మీ అబ్బాయే చదువుతాడు," అన్నారు. పంతులమ్మ గారు కుర్చీ చూపిస్తే కాదనే ధైర్యం ఎంత ఓనరుకైనా ఉండదు. కూర్చున్నాడు. నాన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆవిడ ఒకటే షరతు పెట్టారు. తిట్టు వచ్చిన చోట ఎవరూ ఆ మాట పలక్కూడదు, క్లాసంతా అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టాలి. మొదటి పేజీకి అందరూ నవ్వారు. రెండో పేజీకి నవ్వులు ఆగిపోయాయి. టేకు బల్లలు మరి. ఎవరైనా మెల్లగా కొడితే ఆ వాక్యం మళ్ళీ మొదలుపెట్టించేవారు. విరిగిన పంటితో వాడు చదువుతూ కొడుతున్నాడు, వాడితో పాటు మేం కొడుతున్నాం, గోడలు అదురుతున్నాయి. చివరికి వాడు చెయ్యి చంకలో పెట్టుకుని ఏడ్చేశాడు.

"ఉత్తినే చదివితేనే ఇంత మండుతోంది. పిలిపించుకునేవాళ్ళకి ఎలా ఉంటుందిరా?" అన్నారావిడ. తర్వాత నాకేసి తిరిగి, పన్ను విరగ్గొడితే ఆ మాట వెనక్కి పోయిందా అని అడిగారు.

ఓనరు మారిపోయాడని చెప్పను. కొడుకు అరచెయ్యి తిప్పి చూసుకుని, టీసీ మాటెత్తకుండా వెళ్ళిపోయాడు. నాన్న మళ్ళీ ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు. హనుమాన్ జంక్షన్లో రోడ్డు పక్క వెల్డింగ్ పని వెతుక్కున్నాడు.

నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆ సాయంత్రం సైకిల్ నడిపించుకుంటూ నాతో ఇంటికి వస్తూ, ఆ బల్లల మోత ఏమిటని అడిగాడు. చెప్పాను. నన్ను కొట్టిన చేతిని హ్యాండిల్ మీంచి తీసి చాలాసేపు చూసుకున్నాడు.

"పుస్తకం అంతా అలాగే ఉంటదా అమ్మా?"

ఉంటుందన్నాను.

"అయితే మొత్తం చదువు."

చదివాను. ఇప్పటికీ పెళ్ళి భోజనాల దగ్గరో, హోటల్లోనో ఎవరైనా మన ఊరి తిట్టు తేలిగ్గా అనేస్తే, ఎదురుగా ఏ బల్ల ఉంటే దాని మీద నా అరచెయ్యి పడుతుంది. ముసలిదానికి పిచ్చి అనుకుంటారు. అనుకోనీ. చెయ్యి మండినప్పుడల్లా నాకు మా నాన్న చెయ్యి గుర్తొస్తుంది.